‘ఇఫ్’ వాక్యములును మన పిల్లల తెలుగును

ఈ సంచికలో విద్యార్థులకును వారి తలిదండ్రులకును ఉపయోగకరమగు విషయమొకదానిని గూర్చి మా యభిప్రాయమును తెలుపగోరుచున్నాము. మేమెన్నుకొనిన విషయము చూచుటకు మిక్కిలి చిన్నది. ఆంగ్లమున ‘ఇఫ్’ అను రెండక్షరముల మాటతో మొదలగు వాక్యమే యది. చిన్నదైనను, దానివలన మన బాలబాలికలు పోగొట్టుకొనుచున్న మార్కులను, అంతకంటె మిక్కిలిగా పోగొట్టుకొనుచున్న ధైర్యమును చూచిన పిమ్మట, దీనిని గూర్చి వ్రాయక తీరదని తోచినది.

కొంతకాలము క్రిందట తొమ్మిదవ తరగతి వ్యాసపు పుస్తకములను దిద్దుచుంటిమి. ‘మా యింట జరిగిన యొక సంగతి’ యనునది విషయము. పులికాటు సరస్సు దరినున్న పల్లెనుండి వచ్చు బాలుడొకడు, గాలివాన రాత్రి తమ పడవ కట్టు తెగి కొట్టుకొనిపోయిన సంగతిని వ్రాసెను. తండ్రి యప్పుడు కూలిపనికై చెన్నపట్టణము పోయియుండెనట. వ్యాసము చివర ‘ఇఫ్ మై ఫాదర్ వుడ్ హావ్ బీన్ ఇన్ ది విలేజ్, వుయ్ వుడ్ నాట్ హావ్ లాస్ట్ ది బోట్’ అని ముగించెను. మేము మొదటి ‘వుడ్ హావ్ బీన్’ అనుదానిని ఎఱ్ఱసిరాతో కొట్టివేసి, పైన ‘హాడ్ బీన్’ అని వ్రాసి, అర మార్కు తగ్గించి, ప్రక్క పుస్తకమును తీసికొంటిమి.

మఱునాడు ఆ బాలుడు పుస్తకము చేతబట్టుకొని వచ్చి, “మా నాయన ఊళ్లో ఉండుంటే పడవ పోయుండేది కాదు అనే కదా సార్ నేను రాసింది. రెండు పక్కలా ఒకటే మాట కదా. ఇందులో తప్పేముంది?” అని యడిగెను. మేము “అది రూలు” అని చెప్పి పంపివేసితిమి. వాడు తల వంచుకొని పోయెను. ఆ తరువాత వాడు వ్రాసిన వ్యాసములలో ‘ఇఫ్’ అను మాట మరల కనబడలేదు. తప్పు దిద్దితిమని మేమనుకొంటిమి గాని, నిజమునకు ఒక ద్వారమును మూసితిమి.

వాడడిగిన ప్రశ్న మంచి ప్రశ్న. దానికి నేడైనను సమాధానము చెప్పవలయునని యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మొదట మన భాషను చూతము. ‘వానొస్తే పడవ కదలదు’ అందుము; గ్రంథభాషలో ‘వాన వచ్చినచో’, ‘వచ్చినయెడల’, ‘వచ్చెనేని’ అని వ్రాయుదుము. దీనికి మన వైయాకరణులు చేదర్థకమని పేరిడిరి. సంస్కృతమున ‘చేత్’ అనగా ‘అయినచో’ అని యర్థము. చిన్నయసూరిగారు బాలవ్యాకరణమును ప్రకటించిన 1858 నాటినుండి తెలుగు బడులలో ఈ పేరు వినబడుచునే యున్నది. ఈ చేదర్థకమునకు రెండు లక్షణములు గలవు. ఒకటి, షరతును తెలుపు గుర్తు క్రియ తోకను అంటియుండును; వాక్యము మొదట దానికి వేఱు మాట యక్కఱలేదు. రెండు, ఆ రూపమునకు కాలమును లేదు, పురుషయు లేదు. ‘నేను వస్తే’, ‘నీవు వస్తే’, ‘వారు వస్తే’. ‘రేపు వస్తే’, ‘నిన్న వస్తే’ — అన్నిట ‘వస్తే’ యొక్కటే.

మరి జరుగగల దానికిని, జరుగని దానికిని భేదమును తెలుగు ఎక్కడ చూపును? వాక్యము చివర చూపును. ‘డబ్బుంటే పడవ కొంటాను’ అన్నవానికి ఆశ యింకను గలదు. ‘డబ్బుంటే పడవ కొనేవాణ్ణి’ అన్నవాని చేతిలో డబ్బు లేదు. రెండింటను ‘ఉంటే’ మారలేదు. చివరి క్రియ మాత్రము మారినది. జరిగిపోయినదానిని గూర్చి గట్టిగా చెప్పదలచినప్పుడు ‘ఉండు’ ధాతువును రెండు ప్రక్కలను చేర్చి ‘ఉండుంటే’, ‘పోయుండేది కాదు’ అందుము. ఆ బాలుడు చెప్పినది సరిగా ఇదియే. తెలుగున ఒకే ధాతువు రెండు ప్రక్కల నిలుచుటచేత, ఆంగ్లమునను ఒకే ‘వుడ్’ రెండు ప్రక్కల నిలువవలెనని వాడు తలచెను. ఇది మందబుద్ధి చేయు పని కాదు; తన భాషను చక్కగా ఎఱిగిన బుద్ధి చేయు పని.

మన తడ స్టేషనులో నిలిచి రాత్రిపూట రైళ్లను చూచినవారికి ఈ భేదమును సులభముగా చెప్పవచ్చును. ఇంజనుకు ముందు పెద్ద దీపముండును. చిట్టచివరి పెట్టెకు ఎఱ్ఱదీపముండును. ఆంగ్లము తన ‘ఇఫ్’ దీపమును ఇంజనుకు కట్టినది. వాక్యము మొదలు కాగానే షరతు వచ్చుచున్నదని వినువానికి తెలియును. తెలుగు తన దీపమును కడపటి పెట్టెకు కట్టినది. ‘వాన’ వినబడినను, ‘వస్తే’ వచ్చువఱకు అది షరతని తెలియదు. ఎల్లకు ఆవలనున్న అరవమును అంతే. మన యూరి పిల్లలలో అనేకులకు ‘మళై వందాల్’ అను మాటయు తెలియును. అక్కడను గుర్తు తోకకే. ఈ భాషలు ఒక్క కుటుంబమువని ఎల్లిస్ దొరగారు, కాంబెల్ దొరగారి తెలుగు వ్యాకరణమునకు చేర్చిన పీఠికలో 1816లోనే వ్రాసిరి.

ఇక ఆంగ్లమును చూతము. జరుగగల షరతుకు ‘ఇఫ్ ఇట్ రెయిన్స్, ది బోట్ విల్ నాట్ గో’ అందురు. వాన రేపు రావలసినదైనను ‘ఇఫ్’ ప్రక్క వర్తమానమే గాని ‘విల్’ రాదు. లేనిదానిని ఊహించునప్పుడు ‘ఇఫ్ ఐ హాడ్ మనీ, ఐ వుడ్ బై ఎ బోట్’ అందురు. ఇక్కడ ‘హాడ్’ అనునది భూతకాలమువలె కనబడును గాని, నిన్నటి సంగతి కాదు. నేడు నాకు ధనము లేదని చెప్పుటకే క్రియ ఒక మెట్టు వెనుకకు దిగినది. గడచిన కాలమున జరుగనిదానిని ఊహించునప్పుడు క్రియ మఱియొక మెట్టు దిగి ‘ఇఫ్ ఐ హాడ్ హాడ్ మనీ, ఐ వుడ్ హావ్ బాట్ ఎ బోట్’ అగును. అనగా ఆంగ్లము ‘ఇది నిజము కాదు’ అను సంగతిని రెండు చోట్ల చెప్పును: ‘ఇఫ్’ ప్రక్క కాలమును వెనుకకు జరిపి యొకసారి, ప్రధాన వాక్యమున ‘వుడ్’ చేర్చి యొకసారి. తెలుగు ముఖ్యముగా ఒక్కచోటనే, చివర, చెప్పును. మన పిల్లల చిక్కంతయు ఈ ఒక్క భేదముననే యున్నది.

తెలుగును ఆంగ్లమును మాత్రమే ఎదురెదురుగా నుంచినచో ఆంగ్లపు పద్ధతియే లోకపు పద్ధతి యని పిల్లలు భ్రమపడుదురు. అందుచేత మూడవ భాషయొకటి సాక్షిగా నుండుట మేలు. మేము స్పానిష్ భాషను పిలుచుచున్నాము. అది మనకు బొత్తిగా దూరపు చుట్టము కాదు. బార్సెలోనాలో 1920లో పుట్టి, 1952లో మన దేశమునకు వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ గారు 1969లో అనంతపురము చేరి, 2009లో కన్నుమూయువఱకు మన రాయలసీమలోనే పాటుపడిరి. ఆయన భార్య యాన్ ఫెర్రర్ గారు ఇంగ్లండున పుట్టినవారు. వారు నెలకొల్పిన గ్రామీణాభివృద్ధి సంస్థ స్పానిష్ మున్నగు విదేశీ భాషలను మన యువజనులకు నేర్పు పాఠశాలను సయితము నడపినది. కాగా తెలుగు, ఆంగ్లము, స్పానిష్ మూడును మన సీమలోనే ఒక్క కప్పు క్రింద వినబడినవి.

స్పానిష్‌లో ‘ఇఫ్’ అనుటకు ‘సి’ అందురు. ‘అవును’ అనుటకును ‘సి’ యే. వ్రాతలో మాత్రము రెండవదాని నెత్తిపై చిన్న గీటు పెట్టుదురు. జరుగగల షరతుకు ‘సి యువేవే, నో సల్ద్రా లా బార్కా’ అందురు. వాన వచ్చినయెడల పడవ బయలుదేరదని యర్థము. ఆంగ్లమునవలెనే ఇక్కడను ‘సి’ తరువాత వర్తమానమే గాని భవిష్యత్తు రాదు. లేనిదానిని ఊహించునప్పుడు ‘సి తువియేరా దినేరో, కొంప్రరీయా ఊనా బార్కా’ అందురు. ధనముండిన పడవ కొందునని యర్థము. ఈ ‘తువియేరా’ అనునది సామాన్య భూతకాలము కాదు. ఊహకు, కోరికకు, సందేహమునకు స్పానిష్ ప్రత్యేకముగా దాచిపెట్టుకొనిన క్రియారూపము. అట్టి రూపము పూర్వము ఆంగ్లమునను ఉండెను. ‘ఇఫ్ ఐ వర్’ అనునప్పటి ‘వర్’ దాని శేషమే. ఇంటిలో పాతసామాను అమ్మివేసినను ఒక కంచుచెంబు మిగిలినట్లు అది మిగిలినది. మన ‘ఉంటే’ వలె గాక, స్పానిష్ రూపము పురుషనుబట్టి మారును: నేనైన ‘తువియేరా’, నీవైన ‘తువియేరాస్’, మేమైన ‘తువియేరామోస్’.

ఇప్పుడా బాలుని వాక్యమును స్పానిష్‌లోనికి మార్చి చూతము: ‘సి మి పాద్రే ఉబియేరా ఎస్తాదో ఎన్ ఎల్ ప్వెబ్లో, నో ఉబియేరామోస్ పెర్దిదో లా బార్కా.’ చదువరులు గమనింతురు గాక! రెండు ప్రక్కలను ‘ఉబియేరా’ యే. ప్రధాన వాక్యమున ‘అబ్రీయామోస్’ అనియు చెప్పవచ్చును గాని, రెండు ప్రక్కల ‘ఉబియేరా’ ఉంచుట తప్పు కాదు, శిష్టులు వాడునదే. అనగా ఒకే సహాయక్రియ రెండు ప్రక్కల నిలువవచ్చునను మన బాలుని యూహ లోకమున లేని వింత కాదు. ఆ యూహ తెలుగున చెల్లును, స్పానిష్‌లో చెల్లును, ఆంగ్లమున మాత్రము చెల్లదు. మేము వానికి చెప్పవలసినది ‘నీవు తప్పితివి’ అని కాదు. ‘ఆంగ్లపు కట్టుబాటు వేఱు’ అని.

ఇంకొక వింత గలదు. స్పెయిన్ దేశపు ఉత్తరభాగమున, బాస్క్ సీమ, నవార్రా, లా రియోహా, బుర్గోస్ ప్రాంతములలో, స్పానిష్‌నే మాతృభాషగా మాటలాడువారు అనేకులు ‘సి తువియేరా’ అనుటకు మారుగా ‘సి తెంద్రీయా’ అందురు. ఇది ఆంగ్లమున ‘ఇఫ్ ఐ వుడ్ హావ్’ అనుటతో సమానము. అక్కడి యుపాధ్యాయులును దీనిని తప్పని దిద్దుదురు. అమెరికాలో ఆంగ్లమే పుట్టుకభాషగా గలవారును మాటలలో ‘ఇఫ్ ఐ వుడ్ హావ్ నోన్’ అనుట కలదు. కావున ఈ తప్పు తెలుగు పిల్లలకు మాత్రమే పుట్టినది కాదు. రెండు ప్రక్కలను సమానముగా ఉంచవలెనని మనుష్యుని మనస్సు సహజముగా కోరును. తక్కెడ పట్టినవాడు రెండు తట్టలను చూచినట్లే.

ఇంతవఱకు భేదములను చెప్పితిమి. ఇక పోలికను చెప్పుదుము. ఉపాధ్యాయులకు పనికివచ్చునది అదియే. ‘డబ్బుంటే కొనేవాణ్ణి’ అనుటలోని ‘కొనేవాణ్ణి’ యెట్టి రూపము? ‘చిన్నప్పుడు రోజూ ఆ అంగట్లో కొనేవాణ్ణి’ అనునప్పుడు వచ్చునదియు అదియే గదా! గడచిన కాలపు అలవాటును తెలుపు రూపమునే తెలుగు, జరుగని యూహకు వాడుకొనుచున్నది. ఆంగ్లపు ‘వుడ్’ సయితము అంతే. ‘హి వుడ్ కమ్ ఎవ్రి ఈవినింగ్’ అనగా ‘ప్రతి సాయంకాలము వచ్చేవాడు’ అని యర్థము. స్పానిష్ ‘కొంప్రరీయా’ పుట్టుకను చూచినను ఇదే కనబడును. కొనుట యను ‘కొంప్రార్’ తోకకు, ‘అబీయా’ యను సహాయక్రియ యొక్క గడచిన కాలపు రూపము అతుకుకొని యది పుట్టినది. ఒకరినొకరు ఎఱుగని సీమలలో పెరిగిన ఈ భాషలు, లేనిదానిని చెప్పవలసి వచ్చినప్పుడు గడచిన కాలపు బట్టనే కట్టుకొనుచున్నవి. లేనిదియు, గడచిపోయినదియు రెండును మన చేతికి అందనివే గదా!

దీనినుండి మన పిల్లలకు ఒక సూత్రము లభించును. అది యిది: ‘తెలుగున “తే” యున్న ప్రక్క ఆంగ్లమున వుడ్ ఉండరాదు, “వాణ్ణి, వాడు, ఏది” యున్న ప్రక్క వుడ్ ఉండవలెను.’ ‘డబ్బుంటే’ యనుచోట ‘తే’ కలదు. వుడ్ వలదు, ‘హాడ్’ చాలును. ‘కొనేవాణ్ణి’ యనుచోట ‘వాణ్ణి’ కలదు. ‘వుడ్ బై’ అనవలెను. ‘ఉండుంటే’ యనుచోట ‘తే’ తో బాటు ‘ఉండు’ గూడ చేరినది గావున ఇంకొక మెట్టు వెనుకకు, ‘హాడ్ బీన్’. ‘పోయుండేది కాదు’ అనుచోట ‘ఏది’ కలదు. ‘వుడ్ నాట్ హావ్’. ‘ఇఫ్ యు వుడ్ కైండ్లీ వెయిట్’ అని మర్యాదకు వేడుకొనునట్టి వాక్యములు కొన్ని దీనికి లోబడవు. అవి పైతరగతులలో నేర్చుకొనవచ్చును. తక్కిన వానికి ఈ కొలత చాలును.

‘అన్‌లెస్’ అను మాటయు ఇట్లే పిల్లలను తికమక పెట్టుచున్నది. ‘నీవు రాకపోతే నేను పోను’ అనుటకు వారు ‘అన్‌లెస్ యు డు నాట్ కమ్’ అని వ్రాయుదురు. తెలుగున ‘రాకపోతే’ యను క్రియయందే కాదనుట యిమిడియున్నది; ఆ కాదనుట వాక్యమున కనబడకున్న వారికి వెలితిగా తోచును. ‘అన్‌లెస్’ తన కడుపులోనే ‘నాట్’ను మింగియున్నదని ఒక్కసారి చెప్పిన చాలును, మరల రెండవ ‘నాట్’ను పెట్టరు.

ఈ విషయమున మా యభిప్రాయము స్పష్టముగా చెప్పుదుము. ‘ఇఫ్’ వాక్యములను మొదటి రకము, రెండవ రకము, మూడవ రకమని పట్టిక వేసి వల్లెవేయించుట చాలదు. ముందు పిల్లవానిచేత తెలుగు వాక్యమును చెప్పించి, ‘ఇది జరుగగలదా? జరుగదా? జరిగిపోయినదా?’ అని యడిగి, తెలుగున ఆ భేదమెక్కడ నున్నదో వానిచేతనే చూపించి, పిదప ఆంగ్లమునకు పోవలెను. ఆంగ్లము నేర్పు గదిలో తెలుగు వినబడరాదను నియమము కొన్నిచోట్ల కలదు. ఆ నియమము ఈ పాఠమునకు మేలు చేయదని మా దృఢవిశ్వాసము.

దీనికి పూర్వుల దృష్టాంతమే కలదు. విలియం కేరీ గారు 1814లోను, కాంబెల్ గారు 1816లోను, బ్రౌను గారు 1840లోను, బందరున మిషనరీగా నుండిన ఆర్డెన్ గారు 1873లోను తెలుగు వ్యాకరణములను ప్రకటించిరి. వానిని ఆంగ్లముననే వ్రాసిరి. మన క్రియల మలుపులను తమ భాష ప్రక్కన నుంచుకొని తమవారికి బోధించిరి. తెలుగు నేర్చుటకై తమ ఆంగ్లమును మఱచిపొమ్మని వారెవ్వరికిని చెప్పలేదు. పెద్దలు మన భాషను నేర్చుటకు కావలసివచ్చిన ఊతకోల, మన పసివారు వారి భాషను నేర్చుటకు వలదనుట న్యాయమా?

తలిదండ్రులకును ఒక మనవి. ఇంటిలో తెలుగు మాటలాడిన ఆంగ్లము చెడునని మీలో కొందఱు భయపడుచున్నారు. మన తడ 2022వ సంవత్సరమున తిరుపతి జిల్లాలో చేరినది; చెంతనే శ్రీసిటీలో కర్మాగారములు వెలసినవి; పిల్లలకు ఆంగ్లము కావలెననుట నిజమే. కాని ‘కొంటాను’ అనుటకును ‘కొనేవాణ్ణి’ అనుటకును భేదమును మీ యింట వినిన బిడ్డకే ‘విల్’ అనుటకును ‘వుడ్’ అనుటకును భేదము సులభముగా తెలియును. ఆ భేదమును మీరు వాకిటనో వంటయింటనో దినమునకు పదిసార్లు ఉచితముగా నేర్పుచున్నారు. దానిని మానవలదు.

విద్యార్థులారా, మీరు చేయవలసినది కొంచెమే. దినమునకొక ‘తే’ వాక్యమును మీ యింటివారి నోట వినినది వినినట్లు వ్రాసికొనుడు. దాని క్రింద ఆంగ్లమును వ్రాయుడు. ఇరుగుపొరుగున అరవము వచ్చినవారుండిన వారినడిగి అదియు చేర్చుడు. నెల గడచుసరికి ముప్పది వాక్యములగును. ఆ ముప్పదియు మీ యింటి కోరికలును, మీ యింటి విచారములును అయియుండును. పాఠ్యపుస్తకపు వాక్యములకంటె అవి మీకు చక్కగా జ్ఞాపకముండును.

కడపట ఆ బాలుని సంగతి. ఈ వ్యాసమును వ్రాయుటకు ముందు వానిని పిలిపించి, పై సూత్రమును నల్లబల్లమీద వానిచేతనే వ్రాయించితిమి. వాడు కొంతసేపు చూచి, ‘హాడ్ బీన్’ అని తానే దిద్దుకొనెను. అర మార్కు మరల వేసితిమి. పిమ్మట, ఆనాడు మేమడుగక విడిచిన ప్రశ్న నడిగితిమి: “పడవ దొరికినదా?” వాడు “లేదు సార్. డబ్బు కూడితే ఇంకోటి కొంటామని మా నాయన అంటున్నాడు” అనెను. ఇది మొదటి రకపు వాక్యమని మేము వానికి చెప్పలేదు. ‘కొనేవాళ్లం’ అనక ‘కొంటామ’ని వాడు చెప్పుటను వినియే సంతోషించితిమి.